రీఫండ్ కోసం ఐటీ పోర్టల్: రాయగడ నుంచి సిరొంచ దాకా ఒంటరి తల్లులకు పనికొచ్చే సమీక్ష

2021 జూన్‌లో వచ్చిన ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌ను అప్పటి నుంచీ వాడుతున్నాం. ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, అటు మహారాష్ట్రలోని సిరొంచ, బల్లార్షాలలో కుట్టుపనో, క్యాటరింగో, బీమా ఏజెన్సీయో చేసుకుంటూ ఒంటరిగా పిల్లల్ని పెంచే తల్లుల రిటర్నుల కోసమే ఈ వాడకమంతా.

ముందే ఒక మాట. మన పన్ను చట్టంలో ఒంటరి తల్లికో తండ్రికో ప్రత్యేకంగా ఇచ్చే పన్ను రాయితీ (క్రెడిట్) ఏదీ లేదు. యాభై వేలు తెప్పిస్తాను, సగం నాకివ్వు అనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. వాళ్లు లేని మినహాయింపులు రాస్తారు, నోటీసు మీ పేర వస్తుంది. తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గించి చూపితే జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు. తిరిగొచ్చేది మీకిచ్చే డబ్బులోంచి ముందే కోసిన పన్ను, అంటే టీడీఎస్ మాత్రమే. కానీ అది మీ కష్టార్జితం, వదులుకోకూడదు.

హాస్టల్ యూనిఫారాలు కుట్టి ఏడాదిలో 3,60,000 రూపాయల బిల్లు చేశారనుకోండి. బిల్లు చెల్లించేవారు కాంట్రాక్టు పని కింద 1 శాతం, అంటే 3,600 కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం, 72,000 పోతాయి. పైగా అవి పాన్ మీద కోసిన పన్ను చూపే పట్టిక 26ఏఎస్‌లో ఎవరి పేరా ఎక్కవు. ఖర్చులు పోను లాభం లక్షన్నర అయితే పన్ను సున్నా, 3,600 మొత్తం వెనక్కి రావాలి. రిటర్ను వేయడం తప్పనిసరి కాకపోయినా, వేయకుండా రీఫండ్ మాత్రం రాదు.

దీనికి ఐటీఆర్-4 ఫారం, బిల్లుల మొత్తంలో కొంత శాతాన్ని లాభంగా చూపే 44ఏడీ పద్ధతి సరిపోతాయి. బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6, నగదుకు 8 శాతం అనేది కనీస లాభం. అసలు లాభం ఎక్కువైతే ఎక్కువే రాయాలి. బీమా కమిషన్ 44ఏడీ కిందికి రాదు, దానికి ఐటీఆర్-3 కావాలి. నెట్ సెంటర్లలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇంకొకటి: తల్లిదండ్రుల వివాహబంధం లేనప్పుడు మైనరు పిల్లల పేర ఉన్న డిపాజిట్ వడ్డీ, వాళ్లను పోషించేవారి ఆదాయంలో కలుస్తుంది. ఆ వడ్డీకి బిడ్డ పాన్ మీద టీడీఎస్ కోసి ఉంటే అప్పుడూ ఐటీఆర్-4 చెల్లదు.

ఏప్రిల్‌లోనే తొందరపడి వేయకండి. జనవరి-మార్చి టీడీఎస్ వివరాలు దాఖలు చేయడానికి మీకు డబ్బు చెల్లించినవారికి మే 31 దాకా గడువుంటుంది. జూన్ మధ్యలో 26ఏఎస్, ఏఐఎస్ (మీ ఏడాది ఆదాయ వివరాల పట్టిక) రెండూ తెరిచి మీ బిల్లులతో పోల్చుకోండి. అంకె లేకపోతే ఆ చెల్లించినవారినే అడగాలి, పాన్ తప్పు కొట్టినా దిద్దాల్సింది వాళ్లే. పోర్టల్లో మీరు ఎంత రాసినా లాభం లేదు.

రీఫండ్ ఆగిపోయేది ఎక్కువగా బ్యాంకు ఖాతా దగ్గరే. పాన్‌లో పుట్టింటి పేరు ముందు, ఆధార్‌లో అత్తింటి పేరు చివర, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరం. ఒడిశాలో, మహారాష్ట్రలో కార్డులు తీసుకున్న తెలుగువాళ్లకు ఇది మామూలే. పాన్ పేరూ బ్యాంకులోని పేరూ కలవకపోతే పోర్టల్లో ఖాతా వాలిడేట్ (ధ్రువీకరణ) కాకపోవచ్చు. పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా అయితే యూనియన్ బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ ఇవ్వాలి. 2025 మేలో గ్రామీణ బ్యాంకులు కూడా విలీనమయ్యాయి కనుక అక్కడా కోడ్ అడిగి కనుక్కోండి. ఆధార్‌కు ఇంకా భర్త ఫోను నంబరే ఉంటే ఓటీపీ ఆయనకు పోతుంది. ముందు దాన్ని మార్పించండి. రిటర్ను వేసిన 30 రోజుల్లో ఆ ఓటీపీతో ఈ-వెరిఫై (ధ్రువీకరణ) చేయకపోతే, వెరిఫై చేసిన రోజే రిటర్ను వేసినట్టు లెక్క.

మహిళలకు నగదు సాయం ఇచ్చే ఒడిశా సుభద్ర, మహారాష్ట్ర లాడ్కీ బహీణ్ పథకాల డబ్బు ఆగిపోతుందేమోనని చాలామంది రిటర్నే వేయడం లేదు. ఆ పథకాలు పక్కన పెట్టేది పన్ను కట్టేవాళ్లను. పన్ను సున్నా అయిన రిటర్ను వేయడం వేరు. మహారాష్ట్రలో మాత్రం కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదన్న షరతుంది, లాభం రాసేటప్పుడు అది తెలిసి ఉండాలి.

పోర్టల్ మీద మా ఫిర్యాదు గడువు దగ్గరపడినప్పుడు అది మొరాయించడం గురించే. మిగతా రోజుల్లో బాగానే నడుస్తుంది, రుసుమూ లేదు. రీఫండ్ ఫెయిల్ అని చూపితే బెంగపడకండి. ఖాతా సరిచేసి, సర్వీసెస్‌లో రీఫండ్ రీ-ఇష్యూకి అర్జీ పెట్టండి. పాత బకాయి కింద సర్దుతామని 245 నోటీసు వస్తే 21 రోజుల్లోపు జవాబివ్వండి.