టవల్ కార్డా, గాజు సీసానా?

విశాఖ ట్రిప్‌లో మా గ్యాంగ్ రెండు హోటళ్లలో దిగింది. రెండూ ‘ఎకో ఫ్రెండ్లీ’ అని బోర్డు పెట్టుకున్నవే.

మొదటిదాంట్లో బాత్రూమ్ అద్దం పక్కన ఆకుపచ్చ కార్డు: "భూమిని కాపాడండి, టవల్ మళ్లీ వాడండి." సరే అని కొక్కేనికి తగిలించాం. బీచ్ నుంచి తిరిగొచ్చేసరికి కొత్త టవళ్లు! మంచం పక్కన మాత్రం మళ్లీ రెండు ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు. లాండ్రీ బిల్లు తగ్గించుకోవడానికే ఈ కార్డు అనుకుంటే, అది కూడా సరిగా చేయలేదు. అసలు గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మేలు చేస్తున్నట్టు పైపైన చూపించుకోవడం) అనే మాట పుట్టిందే హోటల్ టవల్ కార్డుల మీద. 1986లో అమెరికా పర్యావరణవాది జే వెస్టర్‌వెల్డ్ వాడారు.

రెండోదాంట్లో ఉపన్యాసాల్లేవు. గదిలో గాజు సీసాలు, వరండాలో ఫిల్టర్, గోడకి బిగించిన షాంపూ డబ్బాలు. ముందు దిగినవాళ్లు షాంపూలో ఏం కలిపారోనని మాలో ఒకమ్మాయికి అనుమానం. తాళమున్న డబ్బా పెడితే పోయేది. నీళ్ల దగ్గర మాత్రం ఎవరికీ పేచీ లేదు, తిరుమల కొండమీద గాజు సీసాలకి అలవాటుపడ్డవాళ్లమే.

అద్దె రాత్రికి మూడొందలు ఎక్కువ. ఇచ్చాం, కానీ కిటికీలోంచి సముద్రం కనిపిస్తోందని. గాజు సీసా కోసమే అంటే నేనైతే వంద దాటను.