ఆనందం ప్లేలిస్ట్‌లో ఏడుపుకు చోటు లేదు: నేను వాడే ఆడియో బైబిల్ యాప్ రివ్యూ

ఈ యాప్ వాడటం మొదలుపెట్టి పదకొండు నెలలైంది. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేసే జబ్బు. పొద్దున లేచాక గంటన్నర దాకా వేళ్లు మడతపడవు. బైబిలు బరువు మణికట్లు మోయలేవు, ఆ పల్చటి కాగితం ఒకటి తిప్పబోతే నాలుగు తిరుగుతాయి, అందుకే చదవడం వదిలేసి వినడంలోకి వచ్చాను. నాలాగే నొప్పితో రాత్రుళ్లు మేలుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు బాగున్నవి. చదివిన గొంతు నెమ్మదిగా ఉంటుంది, ప్రసంగం చేస్తున్నట్టు ఉండదు, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి చదివినట్టు ఉంటుంది. 66 పుస్తకాలూ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. స్పీడ్ తగ్గించినా మాట సాగదు. ప్లే బటన్ పెద్దది, బొటనవేలు వంగని రోజు వేలి కణుపుతో నొక్కినా పనిచేస్తుంది. ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకు చేతులు బాగున్నాయని అర్థం.

ఇక నా గొడవంతా "ఆనందం" అనే ప్లేలిస్ట్‌తోనే. సంతోషం గురించిన వచనాలన్నీ అక్కడక్కడా కత్తిరించి, వెనక ఫ్లూట్ పెట్టి, వరసగా వినిపిస్తారు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని వస్తుంది, వెంటనే ఇంకో పుస్తకంలోంచి ఇంకో వచనం. నొప్పి బాగా తిరగబెట్టిన వారంలో మొదటిసారి విన్నాను. ఓదార్పు రాలేదు సరికదా, ఎవరో తిట్టినట్టనిపించింది. విశ్వాసముంటే ఈ ఏడుపెందుకని సంఘంలో ఒకరు నన్ను అడిగారు ఒకసారి, ఆ ప్లేలిస్ట్ కూడా నన్ను అదే అడుగుతున్నట్టుంది. యేసు గురించి ఊరూరా చెప్పిన పౌలుతో ప్రభువు "నా కృప నీకు చాలును" అన్న మాట కూడా అందులో ఉంది. కానీ దాని ముందు వచనం, తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని పౌలు ముమ్మారు వేడుకున్న వచనం, లేదు. అడిగి అడిగి దొరకని మనిషికి వచ్చిన జవాబు అది. అడగడం తీసేస్తే ఆ జవాబు ఎవరికి తగులుతుంది?

తర్వాత ఒక రాత్రి ప్లేలిస్ట్ ఆపేసి ఆ "ఆనందించుడి" ఉన్న ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ ఊరి సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, మొదటి అధ్యాయం నుంచి పెట్టాను. నాలుగే అధ్యాయాలు, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. మొదటి అధ్యాయంలోనే బంధకాలు, బంధకాలు అని పదేపదే వినపడుతుంది, రాస్తున్నవాడు సంకెళ్లలో ఉన్నాడు మరి. రెండో అధ్యాయంలో పౌలుకు సాయంగా ఆ సంఘం పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్లొస్తాడు, దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు నన్ను కనికరించాడంటాడు పౌలు. ఇవన్నీ దాటుకుని నాలుగో అధ్యాయానికి వచ్చాక "ఆనందించుడి" వినిపిస్తే అది తిట్టులా లేదు, సంకెళ్ల చప్పుడు తెలిసిన మనిషి పిలిచినట్టు ఉంది. ఇంకోటి కూడా అప్పుడే పట్టుకున్నాను: ఆ "డి" అన్నది నీకు కాదు, మీకు. ఒక సంఘమంతటికీ కలిపి చెప్పిన మాట. అందుకే నా వల్ల కాని రోజు అక్కకు వాయిస్ మెసేజ్ పెడతాను, నా బదులు నువ్వు ఒక పాట పాడి పంపవే అని. పంపుతుంది.

మన ప్లేలిస్ట్ మనమే చేసుకునే సౌకర్యం ఉంది, యాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. నాది ఇలా ఉంటుంది: 88వ కీర్తన, 13వ కీర్తన, ఫిలిప్పీ మొత్తం, హబక్కూకు ప్రవక్త పుస్తకంలో మూడో అధ్యాయం. 88 మొదట పెట్టడానికి కారణం, అది చీకటిలోనే మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు, అయినా అది ప్రార్థనే. 13వది ఆరే వచనాలు. మొదట్లో ఎంతకాలం, ఎంతకాలం అని మొరపెట్టినవాడే ఆ ఆరూ అయ్యేలోపు పాడతాడు. ఒక రాత్రి మూడింటికి వేడినీళ్లలో ముంచిన తువ్వాలు వేళ్లకు చుట్టుకుని అది వింటున్నాను. నొప్పి రవ్వంత కూడా తగ్గలేదు. తువ్వాలు చల్లారిపోయింది. అయినా ఆఖరి వచనం దగ్గర నేనూ గొంతు కలిపాను, సంతోషం పొంగుకొచ్చి కాదు, పాడదామని అనుకుని. మర్నాడు కూడా అలాగే చేశాను. కొన్ని రాత్రులు 88 దగ్గరే ఆపేస్తాను, అదీ సరే.

మందులు మాత్రం ఒక్క పూట కూడా మానను. పౌలు వెంటే లూకా ఉన్నాడు, ప్రియుడైన వైద్యుడని ఆయన్ని పౌలే రాశాడు.

చిన్న చికాకులు రెండు: పొద్దున్నే నోటిఫికేషన్ మోగుతుంది, ఆపుదామంటే నా వేళ్లు కదలని సమయం అదే, సెట్టింగ్స్‌లో పూర్తిగా తీసేశాను. స్లీప్ టైమర్ వచనం మధ్యలో కోసేస్తుంది, అధ్యాయం అయ్యాక ఆగేలా మార్చండి.

నాలుగు స్టార్లు. "ఆనందం" ప్లేలిస్ట్‌లో 13వ కీర్తన మొత్తంగా, ఫ్లూట్ లేకుండా పెట్టిన రోజు వచ్చి ఐదోది ఇస్తాను.