ఈఎస్ఐ, గ్రూప్ పాలసీ పనులు: సొంత మనిషా, కన్సల్టెంటా, సాఫ్ట్‌వేరా... ఏది మేలు?

సిబ్బంది సంఖ్య 10 దాటిన సంస్థల నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది. ఉద్యోగుల ఆరోగ్య ప్రయోజనాల పని ఎవరి చేతిలో పెట్టాలి? 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. 'రూల్స్ మారిపోతున్నాయి, మావల్ల కాదు, ఎవరో ఒకరికి అప్పజెప్పేస్తాం' అనే యజమానులే ఎక్కువ. అప్పజెప్పడంలో తప్పు లేదు. ఏది అప్పజెప్పాలి, ఏది దగ్గర పెట్టుకోవాలి అన్నది ముందు తేల్చుకోవాలి.

లెక్క అందరికీ తెలిసిందే. నెల వేతనం 21,000 రూపాయల వరకు ఉన్నవాళ్లకు, దివ్యాంగులైతే 25,000 వరకు, ఈఎస్ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా). యాజమాన్యం వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. తర్వాతి నెల 15లోగా కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన డ్యామేజీలు (జరిమానా). పరిమితి దాటినవాళ్లకు గ్రూప్ పాలసీ, అంటే సంస్థ తన సిబ్బంది కోసం కలిపి తీసుకునే ఆరోగ్య బీమా. ఇంత తేలిగ్గా ఉన్నా నోటీసులు వస్తూనే ఉన్నాయి, క్లెయిములు ఆగుతూనే ఉన్నాయి. ఎందుకంటే చాలా తప్పులు నిబంధన తెలియక జరగవు. ఆఫీసులో జరిగిన మార్పు సంగతి, ఆ పని చూసే మనిషికి సమయానికి అందక జరుగుతాయి. ఎవరు మేలు అని తేల్చేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది దీన్నే.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఒక ఉద్యోగి వేతనం జులైలో 20,000 నుంచి 23,000కు పెరిగింది. పరిమితి దాటాడు కదా అని ఆగస్టు జీతంలో ఈఎస్ఐ కోత ఆపేస్తారు. అది తప్పు. చందా లెక్కకట్టే ఆరు నెలల కంట్రిబ్యూషన్ పీరియడ్ మధ్యలో పరిమితి దాటితే, ఆ పీరియడ్ ముగిసేదాకా ఈఎస్ఐ నడవాల్సిందే. పీరియడ్లు రెండు: ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30, అక్టోబరు 1 నుంచి మార్చి 31. అంటే ఈయనకు సెప్టెంబరు జీతం దాకా కోత ఉండాలి, అదీ 21,000 మీద కాదు, మొత్తం 23,000 మీద. ఉద్యోగి వాటా 172.50, పై రూపాయికి సర్దితే 173. యాజమాన్యం వాటా 747.50.

ఆగస్టులో ఆపేసి, డిసెంబరులో ఎవరో పట్టుకున్నారనుకుందాం. అప్పుడు ఉద్యోగి వాటాను కూడా యాజమాన్యమే భరించాలి. ఏ నెల వాటాను ఆ నెల జీతంలోంచే కోయాలి, పాత బాకీ అని తర్వాత కోయడానికి చట్టం ఒప్పుకోదు. ఇక అక్టోబరు 1న ఆయన ఈఎస్ఐ నుంచి బయటికి వచ్చినప్పుడు రెండో చిక్కు మొదలవుతుంది. అదే రోజు ఆయన పేరు గ్రూప్ పాలసీలో చేరాలి. ఏప్రిల్-సెప్టెంబరు చందాకు తగిన బెనిఫిట్ పీరియడ్ (ప్రయోజనాలు అందే కాలం) తర్వాతి జనవరి-జూన్. కాబట్టి ఆయనకు జూన్ 30 దాకా ఈఎస్ఐ వైద్యం అందుతుంది. పాలసీలో పేరు చేరకపోతే ఆ తర్వాత మాత్రం ఏమీ ఉండదు. ఈఎస్ఐ చూసేది ఒకరు, పాలసీ చూసేది ఇంకొకరు అయినచోట ఇది సరిగ్గా ఇక్కడే జారిపోతుంది. జులైలో ఆయన ఆసుపత్రి మెట్లెక్కేదాకా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

కన్సల్టెంట్: ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాళ్ల దగ్గర ఉండే తెలివిడి సంస్థ లోపల ఒక్క మనిషికి రావడం కష్టం. ముఖ్యంగా తనిఖీల సమయంలో. ఈఎస్ఐ తనిఖీ అధికారి వస్తే జీతాల రిజిస్టరుతో ఆగడు, లెడ్జర్ అడుగుతాడు. రిపేర్లు, లోడింగ్, లేబర్ చార్జీలు అన్న పద్దుల కింద రాసిన మొత్తాల్లో కూలి ఎంత, సామాను ఎంత అని విడదీసి చూపకపోతే మొత్తాన్నీ ఓమిటెడ్ వేజెస్ (లెక్కలో చూపకుండా వదిలేసిన వేతనాలు) కింద కట్టి, చందా అడుగుతారు. బాకీ చందా అడుగుతూ సీ-18 నోటీసు వస్తే గడువులోగా కాగితాలు పట్టుకుని హాజరు కావాలి, లేకుంటే ఏకపక్షంగా ఆర్డరు పడుతుంది. ఇలాంటిచోట మంచి కన్సల్టెంట్ ఫీజుకు పూర్తి విలువ ఉంది. ఈ విషయంలో పొదుపు చేయొద్దు.

నెలవారీ పనికి వస్తే కథ వేరు. ఆయన చేతిలో పదుల కంపెనీలు ఉంటాయి. మీరు 10వ తేదీకి ఎక్సెల్ పంపుతారు, ఆయన 13, 14 తేదీల్లో పోర్టల్‌లో ఎక్కిస్తాడు. ఎక్సెల్‌లో లేనిది ఆయనకు తెలిసే దారి లేదు. కొత్తగా చేరిన మనిషికి పాత కంపెనీలో వచ్చిన 10 అంకెల ఐపీ నంబరు (ఈఎస్ఐలో ఉద్యోగికిచ్చే బీమా నంబరు) ఉందా అని ఎవరూ అడగరు, వివరాలు పంపేస్తారు, అక్కడ కొత్త నంబరు పుడుతుంది. నష్టం ఆరోజు కనిపించదు. ఆ ఉద్యోగిని ఏడు నెలల తర్వాత ప్రసూతి ప్రయోజనానికి దరఖాస్తు పెడితే బయటపడుతుంది. దానికి ముందరి రెండు వరుస కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 70 రోజుల చందా ఉండాలి. పాత రోజులన్నీ పాత నంబరు మీద ఉండిపోతే కొత్త నంబరులో లెక్క తగ్గుతుంది, 26 వారాల వేతనం చిక్కులో పడుతుంది. సిక్‌నెస్ బెనిఫిట్‌కూ (జబ్బు సెలవులో వచ్చే డబ్బు) అంతే, పీరియడ్‌లో 78 రోజులు కావాలి.

జీరో వేజెస్ (ఆ నెల వేతనం సున్నా) కారణాల కోడ్ కూడా ఇలాంటిదే. నెలంతా పని చేయనివాళ్లకు ఒక కోడ్ వేయాలి: సెలవులో ఉంటే 1, మానేస్తే 2, పరిమితి దాటి బయటికి వెళ్తే 4. ఆఫీసు నుంచి మాట రాకపోతే అవతల తోచిన కోడ్ పడుతుంది. సెలవులో ఉన్న మనిషికి 2 పడితే ఆ సంస్థ కింద ఆమె పేరే ఉండదు.

కన్సల్టెంట్‌ను పెట్టుకున్నా మూడు విషయాలు మాత్రం మీ దగ్గరే ఉండాలి. పోర్టల్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ మీవి కావాలి. రిజిస్టరైన మొబైల్, మెయిల్ కన్సల్టెంట్‌వి కాకుండా కంపెనీవి కావాలి, ఎందుకంటే నోటీసు కబురు వచ్చేది వాటికే. ప్రతి నెలా చలానాతో పాటు, పేరుపేరునా చందా చూపే కంట్రిబ్యూషన్ హిస్టరీ తెప్పించుకుని జీతాల షీటుతో పోల్చాలి. చట్టం దృష్టిలో బాధ్యుడు యజమానే. ఉద్యోగి జీతంలో కోసిన వాటా కట్టకపోతే సామాజిక భద్రత కోడ్ కింద ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. 'కన్సల్టెంట్ మర్చిపోయాడు' అన్నది అక్కడ జవాబు కాదు.

సాఫ్ట్‌వేర్: శాతాలు, రౌండింగ్, అప్‌లోడ్ ఫైలు, ఇవన్నీ మనిషికంటే బాగా చేస్తుంది. కొనేముందు ఒక్క పరీక్ష పెట్టండి. డెమోలో పైన చెప్పిన ఉద్యోగినే ఎక్కించండి: ఏప్రిల్‌లో 20,000, జులైలో 23,000. ఆగస్టులో కోత ఆగిపోతే ఆ ప్యాకేజీ వద్దు, లేదా ఆ సెట్టింగ్ సరిచేయించండి. చాలా చోట్ల 'ఈఎస్ఐ వర్తిస్తుంది' అన్న టిక్ ప్రతి నెలా వేతనం చూసి దానంతటదే మారేలా పెట్టేస్తారు, తప్పు మొదలయ్యేది అక్కడే. రెండోది, జీతాన్ని భాగాలుగా ఎలా విడదీస్తుందో చూడండి.

కొత్త కోడ్ వచ్చాక ఈ రెండోదానికి విలువ పెరిగింది. వేతనం అంటే బేసిక్, డీఏ, రిటెయినింగ్ అలవెన్స్ (పని లేని కాలంలో ఉద్యోగిని నిలుపుకోవడానికి ఇచ్చే భత్యం). హెచ్ఆర్ఏ, ప్రయాణ భత్యం, ఓవర్‌టైమ్, కమిషన్ లాంటివి బయట. కానీ ఆ బయట ఉంచినవన్నీ కలిపి మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటినంత మళ్లీ వేతనంలో కలపాలి. నెలకు 36,000 వచ్చే మనిషికి బేసిక్ 14,000, మిగతా భత్యాలు 22,000 అనుకోండి. సగం 18,000. భత్యాలు 4,000 ఎక్కువయ్యాయి. ఆ 4,000 బేసిక్‌కు కలిపితే కోడ్ ప్రకారం వేతనం 18,000. అంటే 21,000 లోపు. చేతికొచ్చే మొత్తం చూసి 'ఈయనకు ఈఎస్ఐ లేదు' అని ఏళ్ల క్రితం రాసుకున్న జాబితాను అలాగే నడపడం ఇప్పుడు ప్రమాదం. సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క ఎవరో కూర్చుని కాంపొనెంట్ల వారీగా పెట్టాలి. అది దానంతటది తెలుసుకోదు. అందుకే ఇది ఎప్పటికీ పనిముట్టే, పని చూసే మనిషికి బదులు కాదు.

బీమా బ్రోకర్: గ్రూప్ పాలసీ వరకు పనికొస్తాడు, ఈఎస్ఐతో సంబంధం లేదు. ఆయనకు కమిషన్ ప్రీమియంలోంచే వస్తుంది కాబట్టి విడిగా ఖర్చు లేదు. నెలనెలా ఫీజు కట్టి లాయర్‌ను పెట్టుకోవడం (రిటెయినర్) అంటారా, పెద్ద ఫ్యాక్టరీకి సరే, 50 మంది సంస్థకు అక్కర్లేదు.

సొంత మనిషి: నా మొగ్గు ఇటే. ఎవరు చేరారు, ఎవరు మానేశారు, ఎవరికి ఇంక్రిమెంట్ వచ్చింది, ఎవరు గర్భవతి, షాప్ ఫ్లోర్‌లో ఎవరి చేయి నలిగింది, ఇవన్నీ మొదట తెలిసేది ఆఫీసులోని మనిషికే. ప్రమాదం జరిగితే వెంటనే ఆన్‌లైన్ నివేదిక పెట్టాలి. నెలాఖరు ఎక్సెల్ దాకా ఆగితే గాయపడిన మనిషికి డిసేబుల్‌మెంట్ బెనిఫిట్ (పని గాయానికి వచ్చే ప్రయోజనం) దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. గ్రూప్ పాలసీలో అయితే ఒక్కరోజు కూడా లెక్కే. ముందుగా ప్రీమియం అందకుండా బీమా కంపెనీ రిస్క్ తీసుకోకూడదని బీమా చట్టం 64వీబీ చెబుతుంది. అందుకే బీమా కంపెనీ దగ్గరి సీడీ (క్యాష్ డిపాజిట్) ఖాతాలో డబ్బు ఉంచుతాం. మెయిల్ పంపాం, పేరు చేరినట్టే అనుకుంటారు, ఖాతాలో నిల్వ లేక ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు నమోదు) ఆగిపోయి ఉంటుంది. ఎండార్స్‌మెంట్ కాపీలో పేరు, అమల్లోకి వచ్చిన తేదీ కళ్లతో చూసేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు. నిల్వ లెక్కించేటప్పుడు జీఎస్టీ మర్చిపోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి మినహాయింపు వచ్చింది వ్యక్తిగత పాలసీలకే, గ్రూప్ పాలసీ మీద 18 శాతం ఉంది.

పెళ్లి, పుట్టిన బిడ్డ లాంటి మార్పులకు పాలసీలో గడువు ఉంటుంది, చాలావాటిలో 30 రోజులు. ఈ సంగతి ఆఫీసులో స్వీట్లు పంచిన రోజే సొంత మనిషికి తెలుస్తుంది. పైగా ఈఎస్ఐ లేని ఉద్యోగినికి పాలసీ ఇచ్చేది ఆసుపత్రి ఖర్చే. 26 వారాల జీతం, మొదటి ఇద్దరు పిల్లలకు, యాజమాన్యమే ఇవ్వాలి. పాలసీలో మెటర్నిటీ ఉంది కదా అని ఆ జీతాన్ని బడ్జెట్‌లో పెట్టుకోని సంస్థలు చాలా ఉన్నాయి.

సొంత మనిషితో ఉన్న బలహీనత కూడా చిన్నది కాదు. ఆ మనిషి మానేస్తే పనంతా ఆగుతుంది. నోటిఫికేషన్లు ఒక్కరే చదివి అర్థం చేసుకోవడం కష్టం. అందుకని నెలవారీ పని, పోర్టల్, పాలసీ చేర్పులు, తొలగింపులు ఒకే మనిషి చేతిలో పెట్టి, కన్సల్టెంట్‌ను ఏడాదికి రెండుసార్లు, మార్చి, సెప్టెంబరు చివరి వారాల్లో, పిలిపించడం మంచిది. ఆ రెండుసార్లూ ఆయన చూడాల్సింది: ఎవరు ఈఎస్ఐలోకి వస్తున్నారు, ఎవరు బయటికి వెళ్తున్నారు, వెళ్లేవాళ్ల పేర్లు పాలసీలో చేరుతున్నాయా, లెడ్జర్‌లో లేబర్ పద్దులకు బిల్లులు విడదీసి ఉన్నాయా, కాంట్రాక్టర్ల మనుషులకు చందా పడిందా. కాంట్రాక్టర్ కట్టకపోతే అడిగేది మిమ్మల్నే, కాబట్టి వాళ్ల చలానా, పేర్ల జాబితా చూడకుండా బిల్లు పాస్ చేయొద్దు.

10, 15 మందే ఉండి, మనుషులు పెద్దగా మారని సంస్థ అయితే నెలవారీ పని కూడా కన్సల్టెంట్‌కు ఇచ్చేయొచ్చు. అప్పుడు ఎక్సెల్‌తో పాటు ప్రతి నెలా ఒక చిన్న కాగితం వెళ్లాలి: చేరినవాళ్లు, వాళ్ల పాత ఐపీ నంబరు, మానేసినవాళ్లు, ఆఖరి పని రోజు, వేతనం మారినవాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు. ఏ మార్పూ లేని నెలలో కూడా 'మార్పు లేదు' అని రాసి పంపాలి. దాన్ని 5వ తేదీకే పంపితే, మధ్యలో పోర్టల్ మొరాయించినా 15లోగా పది రోజుల వెసులుబాటు ఉంటుంది.