రొమ్ము ఆపరేషన్ మచ్చకు సిలికాన్ షీట్: ఏడాదికి పైగా వాడాక

మాస్టెక్టమీ (రొమ్ము తీసేసే ఆపరేషన్) తర్వాత నా ఛాతీ మీద, మధ్య ఎముక దగ్గర్నుంచి చంక దాకా ఒక అడ్డగీత మిగిలింది. దాని మీద సిలికాన్ జెల్ షీట్, అంటే చర్మానికి అంటుకునే మెత్తటి పట్టీ, వాడటం మొదలుపెట్టి ఏడాది దాటింది. పైకి కనిపించే మచ్చకు షీట్ బాగా పనిచేసింది. చర్మం కింద పట్టేసిన చోట మాత్రం మసాజ్, చేతి వ్యాయామాలే పనిచేశాయి. ఈ తేడా ముందే తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

కుట్లు మానడంతో మచ్చ పని అయిపోదు. గాయాన్ని పూడ్చడానికి శరీరం తొలి వారాల్లో కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్‌ను ఒక వరుస లేకుండా గుమ్మరిస్తుంది. తర్వాత ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ కాలం, దాన్ని మెల్లగా సర్దుకుంటుంది. మచ్చ మొదటి నెలల్లో గట్టిగా, ఉబ్బుగా, దురదగా ఉండి తర్వాత మెత్తబడేది అందుకే. రెండో నెలలో అద్దం ముందు నిలబడి టెన్షన్ పడేవాళ్ళకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

షీట్ చర్మంలోని తేమను బయటికి పోనివ్వదు. తేమ నిలిస్తే కొల్లాజెన్ అతిగా పుట్టడం తగ్గుతుందని డాక్టర్లు చెప్తారు. గాయం పూర్తిగా మూసుకుని, పొక్కు రాలిపోయాకే అంటించాలి. రోజుకు కనీసం 12 గంటలు, వరుసగా రెండు మూడు నెలలు ఉంచితేనే ఫలితం. నాకు ముందు దురద తగ్గింది. తర్వాత ఉబ్బు దిగి గీత చదునైంది. రంగు మాత్రం అంతగా మారలేదు.

ఎండాకాలం గురించి పెట్టె మీద ఎవరూ రాయరు. విజయవాడ ఎండల్లో, జాకెట్టు కింద, చెమటకి షీట్ జారిపోతుంది. అంచుల్లో చెమటకాయలు వచ్చాయి. పగలు తీసేసి రాత్రి మాత్రమే పెట్టుకున్నాను, పగటికి ట్యూబులో వచ్చే సిలికాన్ జెల్ పల్చగా రాసుకున్నాను. షీట్‌ను రోజూ తక్కువ ఘాటున్న సబ్బుతో కడిగి, బట్టతో తుడవకుండా గాలికి ఆరనిస్తే జిగురు ఎక్కువ రోజులు ఉంటుంది. తుడిస్తే నూగంతా అంటుకుని పాడైపోతుంది. చంక మడతలో మాత్రం ఏ షీటూ నిలవలేదు.

అసలు ఇబ్బంది ఆ చంక దగ్గరే. చెయ్యి పైకెత్తితే లోపల తీగ లాగినట్టు ఉండేది. అద్దంలో చూస్తే చంక నుంచి మోచేతి వైపు సన్నని తాడు చర్మం కింద నిజంగానే కనబడింది. చంకలో లింఫు గ్రంథులు తీసినవాళ్ళలో చాలామందికి తొలి వారాల్లో ఇది వస్తుంది. దీన్ని కార్డింగ్ అంటారు. మా ఫిజియోథెరపిస్టు చేత్తో మెల్లగా సాగదీసి, గోడ మీద వేళ్ళతో పైకి పాకే వ్యాయామం నేర్పించింది. వెనక హుక్కులు పెట్టుకోగలగడం, అటక మీది డబ్బా అందుకోగలగడం ఆ అమ్మాయి పుణ్యమే.

మసాజ్ సర్జన్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. కొంచెం కొబ్బరి నూనె చాలు, షీట్ పెట్టే ముందు మాత్రం పూర్తిగా కడిగేయాలి, లేకపోతే అంటుకోదు. మచ్చ మీద వేళ్ళు జార్చడం వల్ల ఉపయోగం లేదు. రెండు వేళ్ళు ఆనించి, చర్మాన్ని కిందున్న కండ మీద కదపాలి: పైకీ కిందికీ, పక్కలకీ, గుండ్రంగా. ఒక్కోసారి ఐదు పది నిమిషాలు. నరాలు తెగడం వల్ల నాకు చంక, చెయ్యి లోపలి వైపు మొద్దుబారి ఉన్నాయి. నొప్పి తెలియదు కాబట్టి అక్కడ గట్టిగా నొక్కకూడదు. వేడి కాపడం అసలు పెట్టొద్దు, కాలినా తెలియదు, చెయ్యి వాపు ఉన్నవాళ్ళకు ఇంకా చేటు.

రేడియేషన్ జరుగుతున్నన్ని రోజులూ షీటు, మసాజు రెండూ ఆపేశాను. చర్మం మానాకే డాక్టర్ మళ్ళీ అనుమతి ఇచ్చారు.

మచ్చ గీత దాటి పక్క చర్మం మీదికి పాకుతుంటే అది కీలాయిడ్ కావచ్చు. మన రంగు చర్మాల్లో అది ఎక్కువే. షీట్ మీద ఆశపెట్టుకోకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి, మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. కొత్తగా బఠాణీ గింజలాంటి గడ్డ తగిలినా, చెయ్యి వాచినా, ఎర్రబడి జ్వరం వచ్చినా "మచ్చేలే" అని వదిలేయొద్దు. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా కూడా ఆగొద్దు. గడ్డ కొన్నిసార్లు చచ్చిన కొవ్వే కావచ్చు, కానీ ఆ మాట స్కానింగో బయాప్సీయో చూసి డాక్టర్ చెప్పాలి.

కొనమంటారా అని అడిగితే, మచ్చ ఉబ్బుగా, దురదగా ఉన్నవాళ్ళు కొనండి. గీత ఇప్పటికే చదునుగా ఉండి చెయ్యి మాత్రం లేవకపోతే ఆ డబ్బుతో మంచి ఫిజియోథెరపిస్టును కలవండి. నేనిప్పుడు షీట్ ఆపేశాను. రేడియేషన్ వల్ల వచ్చే బిగుతు నెలలు, ఏళ్ళు గడిచాక కూడా మొదలవ్వచ్చు కనుక మసాజు, గోడ వ్యాయామం మాత్రం రోజూ చేస్తున్నాను.