ఒక్క సెమిస్టర్‌కి జర్మనీ: డార్మ్ మేలా, డబ్ల్యూజీ మేలా?

ఎక్స్ఛేంజ్ సీటు ఖాయమైందని తెలియగానే పిల్లలు అడిగేది ఇదే: విద్యార్థుల వసతి చూసే స్టుడీరెండెన్‌వెర్క్ సంస్థ డార్మ్‌కి అప్లై చేయాలా, డబ్ల్యూజీలో, అంటే కొందరు కలిసి పంచుకునే అద్దె ఇంట్లో, గది వెతుక్కోవాలా? రెండేళ్ల మాస్టర్స్ చేసిన సీనియర్ల సలహా ఇక్కడ సగమే పనికొస్తుంది. వాళ్లు మొదటి నెల ఎక్కడో సర్దుకుని, నిదానంగా గది మార్చుకోగలరు. ఐదారు నెలలకు వెళ్లేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. దొరికిన మొదటి గదిలోనే చివరిదాకా గడపాలి.

అద్దె సంగతి ఊరిని బట్టి మారుతుంది. డార్మ్‌లో సాధారణంగా 250 నుంచి 450 యూరోల మధ్య, కరెంటు, హీటింగ్, ఇంటర్నెట్ అన్నీ కలిపి. డబ్ల్యూజీలో చిన్న ఊళ్లలో అంతే ఉండొచ్చు, మ్యూనిక్‌లో 700 దాటడం మామూలే. డబ్ల్యూజీ ప్రకటనలో కాల్ట్ అని రాస్తే హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె, వార్మ్ అంటే అవి కలిపిన అద్దె; కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉండకపోవచ్చు. పోల్చేటప్పుడు వార్మ్ అంకెనే చూడండి.

కానీ ఒక్క సెమిస్టర్‌కి గది ఎంచుకోవడంలో అద్దె కంటే ముందు చూడాల్సింది అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. గదిలో దిగిన రెండు వారాల్లోపు బ్యూర్గర్‌ఆమ్ట్ అనే స్థానిక పౌరసేవల ఆఫీసులో ఇది చేయించుకోవాలి. బయటి దేశం నుంచి వచ్చి మూడు నెలలు మించకుండా ఉండేవాళ్లకు మినహాయింపు ఉంది గానీ సెమిస్టర్ అంతకు మించుతుంది. నమోదుకి అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు. ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాలి. 2015 నవంబరు నుంచి ఇదే పద్ధతి. నమోదు లేకపోతే టాక్స్ ఐడీ (పన్ను నంబరు) పోస్టులో రాదు, పార్ట్‌టైమ్ పని దొరికినా జీతంలో పన్ను ఎక్కువ కోస్తారు. వీసా గడువు సెమిస్టర్ అంతటికీ చాలనివాళ్లను ఆస్‌లెండర్‌బెహోర్డె (విదేశీయుల వీసా వ్యవహారాల ఆఫీసు) మొదట అడిగేది ఈ నమోదు కాగితమే. వీసా కోసం ముందే డబ్బు జమచేసే బ్లాక్డ్ అకౌంట్‌లోంచి నెలనెలా డబ్బు విడుదల చేయడానికి కూడా కొన్ని సంస్థలు దీన్నే అడుగుతాయి.

డార్మ్‌లో ఈ గొడవ లేదు. ఒప్పందంతోనో తాళంచెవితోనో ఆ కాగితం చేతికొస్తుంది. డబ్ల్యూజీలో ఒక్క సెమిస్టర్‌కి దొరికేవి చాలావరకు సబ్‌లెట్ గదులు: అసలు అద్దెదారు ఎక్కడికో వెళ్తూ తిరిగొచ్చేదాకా ఇచ్చే గది. అతనే సంతకం పెట్టవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఇంటి యజమానికి చెప్పకుండా గది ఇచ్చినవాడు ఏ కాగితం మీదా మీ పేరు పడనివ్వడు. ప్రకటనలో 'అన్మెల్డుంగ్ నిష్ట్ మ్యోగ్లిష్' (నమోదు కుదరదు) అని ఉంటే అద్దె ఎంత తక్కువైనా ఆ గది మీకు కాదు. ఆ మాటే రాయకపోతే అడ్వాన్స్ పంపకముందే 'ఇస్ట్ ఐనె అన్మెల్డుంగ్ మ్యోగ్లిష్?' (నమోదు కుదురుతుందా?) అని రాతపూర్వకంగా అడగండి. 'వచ్చాక చూద్దాం' అన్న జవాబును కాదనే అర్థం చేసుకోవాలి. నమోదు ఆలస్యమైతే వెయ్యి యూరోల దాకా జరిమానా పడొచ్చు. ఉండని ఇంట్లో స్నేహితుడి చిరునామాతో నమోదు చేయించుకుంటే ఆ కాగితం మీద సంతకం పెట్టిన స్నేహితుడికి 50,000 యూరోల దాకా పడొచ్చు. మొహమాటానికి కూడా ఆ సాయం అడగకండి.

దీనితోనే ముడిపడిన మరో చిన్న విషయాన్ని ఎవరూ ముందు చెప్పరు. పోస్టుడబ్బా మీద మీ పేరు లేకపోతే పోస్ట్‌మన్ ఉత్తరం వేయడు, వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు, టాక్స్ ఐడీ అన్నీ పోస్టులోనే వస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో డబ్బా మీదా అలాగే అతికించండి, పొడి అక్షరాలకు కుదించకండి. సబ్‌లెట్‌లో అసలు అద్దెదారు పేరు తీసేయరు, దాని కింద మీ పేరు చేర్చమని అడగాలి.

డార్మ్‌కీ లోటుపాట్లున్నాయి. ఒప్పందం తరచూ సెమిస్టర్ లెక్కనే ఉంటుంది: అక్టోబరు 1 నుంచి మార్చి 31. క్లాసులు ఫిబ్రవరి మధ్యలో అయిపోయి, పరీక్షలు రాసేసి మీరు ఇంటికి వచ్చేసినా మార్చి అద్దె కట్టాల్సిందే. తాళంచెవి హౌస్‌మైస్టర్ (భవనం చూసుకునే ఉద్యోగి) దగ్గర, అదీ పనిదినాల్లో, పని గంటల్లోనే దొరుకుతుంది. శనివారం సాయంత్రం దిగితే సోమవారం దాకా బయట ట్రావెలర్స్ హాస్టల్లో డబ్బు కట్టి ఉండాలి. అక్టోబరు 3 జాతీయ సెలవు, టికెట్ కొనేముందు అదీ చూసుకోండి. గదిలో మంచం, బల్ల, అలమరా ఉంటాయి. దుప్పటి, దిండు, గిన్నెలు చాలాచోట్ల ఉండవు, ఆదివారం దుకాణాలూ తెరవవు.

ఇక అలవాటు పడే విషయంలో డబ్ల్యూజీదే పైచేయి, దాచేదేం లేదు. వంటింట్లో రోజూ జర్మన్ చెవిన పడుతుంది, చెత్త ఏ డబ్బాలో వేయాలో పక్కగది అమ్మాయే చూపిస్తుంది. ఎక్స్ఛేంజ్ విద్యార్థులున్న డార్మ్ అంతస్తులో మాత్రం అంతా ఇంగ్లీషే. వంట దగ్గర రెండింటికీ ఒకే చిక్కు. నూనె బాగా కాగనిచ్చి తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుంది. డార్మ్‌లో అది మొత్తం భవనానికి మోగే రకమైతే ఫైరింజన్ వచ్చి, ఆ ఖర్చు మీ మీద పడొచ్చు. కిటికీ తెరిచి, సన్న సెగ మీద వేయండి. ఇడ్లీ పిండి ఆదివారం రుబ్బకండి, రోజంతా నిశ్శబ్ద సమయమే. మిగతా రోజుల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, స్టీలుదైనా అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేదో కాదో చూసి తీసుకెళ్లండి.

చలికి భయపడి కిటికీలు మూసే ఉంచడం మనవాళ్ల అలవాటు. అన్నం వండిన ఆవిరి, ఆరేసిన బట్టల తేమ కలిసి గోడ మూల నల్లబూజు పడుతుంది, డిపాజిట్‌లో కోత అక్కడే మొదలవుతుంది. రోజుకి రెండు మూడుసార్లు కిటికీ బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచండి, ఆ కాసేపూ హీటర్ ఆపేయండి.

ప్రైవేటు ఫర్నిష్డ్ అపార్ట్‌మెంట్లలో సాధారణంగా అన్మెల్డుంగ్ కుదురుతుంది, అద్దె మాత్రం బరువు. తెలుగు స్నేహితుల గదిలో నలుగురితో సర్దుకోవడం మొదటి వారానికి సరే.

కాబట్టి నా ఓటు డార్మ్‌కే. ఆ ఊళ్లో ఎక్స్ఛేంజ్ వాళ్లకి కోటా ఉందేమో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడిగి, అడ్మిషన్ లెటర్ వచ్చిన వారంలోనే ఫారం నింపండి, వీసా కోసం ఆగొద్దు. దొరక్కపోతే డబ్ల్యూజీ, అదీ అన్మెల్డుంగ్‌కి రాతపూర్వకంగా ఒప్పుకున్న గదే. యజమాని విదేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళంచెవి పోస్టులో పంపుతానని అంటే అది మోసం. వీడియోలో గది చూపించమని, ఒప్పందం పంపమని అడగండి.

తిరిగొచ్చేటప్పుడు అబ్మెల్డుంగ్ (చిరునామా నమోదు రద్దు) చేయించుకోండి, ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి కుదురుతుంది. జర్మన్ బ్యాంకు ఖాతా మాత్రం వెంటనే మూసేయకండి. డార్మ్ డిపాజిట్ వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత, ఆ ఖాతాలోకే వస్తుంది.