విట్‌వర్త్ గురి రైఫిల్: నగిషీని ఎందుకు చూడాలి?

1860ల నాటి విట్‌వర్త్ గురి రైఫిల్ ఒకదానిని, ఇంగ్లండులో వేలానికి ముందు కొనుగోలుదారుల కోసం ఏర్పాటు చేసిన ప్రదర్శనలో, చేతిలోకి తీసుకుని తీరిగ్గా పరిశీలించే అవకాశం నాకు దొరికింది. మూతి వైపు నుంచి మందూ గుండూ కూరి, సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ, అంటే పెర్కషన్ క్యాప్‌తో పేల్చే ఈ తుపాకీని చాలామంది దాని నగిషీ పనిని చూసి కోరుకుంటారు. నగిషీని చూడవలసిందే, కానీ అందం కోసం మాత్రమే కాదు.

ముందు గొట్టం సంగతి. మాంచెస్టర్‌లో యంత్ర పరికరాలు తయారుచేసి, 1841లో మరలకు (స్క్రూలకు) ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్త్ వృత్తిరీత్యా తుపాకుల పనివాడు కాడు. గొట్టం లోపల గుండ్రంగానే ఉండాలన్న ఆచారాన్ని ఆయన పట్టించుకోకపోవడానికి బహుశా అదే కారణం. ఆయన గొట్టం లోపల ఆరు పలకలుగా ఉండి, మెలితిరుగుతూ సాగుతుంది. ఆనాటి బ్రిటిష్ సైన్యపు ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం 0.577 అంగుళాల వెడల్పుతో 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, ఇది 0.451 అంగుళాల వెడల్పుతో 20 అంగుళాలకే ఒక చుట్టు తిరుగుతుంది. రెండింటి గుండూ 530 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు. అంతే బరువు సన్నని గొట్టంలో ఇమడాలంటే గుండు పొడవు కావాలి, పొడవైన గుండు గాలిలో తలకిందులు కాకుండా ఉండాలంటే మరింత వేగంగా తిరగాలి. 1860 జూలై 2న వింబుల్డన్ తుపాకీ గురి పోటీలను ప్రారంభిస్తూ విక్టోరియా రాణి, ఆధారంపై బిగించిన విట్‌వర్త్ రైఫిల్‌ను పట్టుతాడు లాగి పేల్చినప్పుడు, 400 గజాల దూరంలోని లక్ష్యపు నడిబిందువుకు దాదాపు అంగుళంపావు దూరంలో గుండు తగిలింది. అయినా, గొట్టంలో మసి త్వరగా పేరుకుంటుందనీ, ఖర్చు ఎక్కువనీ సైన్యం దీనిని తీసుకోలేదు. అందువల్ల ఇది ప్రధానంగా డబ్బున్న గురికాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. మేలైన వాల్‌నట్ కర్ర, మహాగని పెట్టె, నగిషీ వాళ్ళ అభిరుచికి తగినట్టు వచ్చినవే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బంగారు తాపడం చేసిన ఆయుధాలను చూసిన కళ్ళకు ఈ నగిషీ మరీ పొదుపుగా కనిపించవచ్చు: లాక్ (పేల్చే యంత్రాంగం) ప్లేటు మీద, సుత్తి మీద, ట్రిగ్గర్ కాపు మీద సన్నని లతల చుట్టలు, అంతే. కానీ ఆ సన్నదనమే కొనేవాడికి ఆధారం. ఎవరైనా తుప్పు వదిలించడానికి లోహాన్ని గట్టిగా రుద్ది మెరుగుపెడితే మొదట అరిగిపోయేవి ఈ గీతలే. అరిగిన గీతలను మళ్ళీ చెక్కితే, అంచులు గుండ్రబడిన ప్లేటు మీద గీత మాత్రం కొత్తగా, పదునుగా కనిపిస్తుంది. ఆ పొంతన లేనితనాన్ని భూతద్దం ఇట్టే పట్టిస్తుంది. మర తలల మీది లత చుట్టూ ఉన్న ప్లేటు మీది లతతో కలవకపోతే ఆ మరను మార్చి ఉండవచ్చు, లేదా సరిగా బిగించలేదన్నమాట. నేను చూసిన రైఫిల్‌లో లాక్ నగిషీ దోషం ఎంచలేనంత స్ఫుటంగా ఉంది, సుత్తి నీడలో లోహాన్ని గట్టిపరచినప్పుడు ఏర్పడిన పాత నీలి, బూడిద రంగుల మచ్చలు కూడా కొంత మిగిలాయి. గొట్టం మీది అక్షరాలు మాత్రం లోతు తగ్గి, చుట్టూ గోధుమ రంగు మరీ ఒకే తీరుగా పరుచుకుని ఉంది. గొట్టానికి తరువాతి కాలంలో మళ్ళీ రంగు పట్టించారనే నా నిర్ణయం. కేటలాగులో ఆ ముక్క లేదు.

అది పెద్ద లోపమే, ధరలో గట్టిగా తగ్గించుకోవలసిన లోపం. కానీ ఈ రైఫిల్ వదులుకోదగినది కాదు, ఎందుకంటే లోపలి ఆరు పలకల అంచులు మూతి దాకా పదునుగా ఉన్నాయి, తుప్పు గుంటలు లేవు. నగిషీ చక్కగా ఉండి లోపల గుంటలు పడిన దానికంటే ఇదే నాకు మేలు. పెట్టెలో గుండ్ల అచ్చు, దూరపు గురి చూసేందుకు వెనుక అమర్చే గురిపట్టీ ఉన్నాయి; విడిగా వెతికితే అవి అంత తేలిగ్గా దొరకవు.

అమెరికాలోని తెలుగువారికి 1898కి, అంతకు ముందుకు చెందిన తుపాకులు సమాఖ్య చట్టం దృష్టిలో పురాతన వస్తువులే, రాష్ట్ర నిబంధనలు మాత్రం విడిగా చూసుకోవాలి. భారతదేశానికి తెచ్చుకోదలచినవారు 1959 ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ పాత తుపాకులకు ఇచ్చే మినహాయింపు పేల్చడానికి పనికొచ్చే రైఫిల్‌కు వర్తిస్తుందని అనుకోకుండా, వేలంలో పాట పాడక ముందే న్యాయవాదిని అడగడం మంచిది.