ఫ్లికర్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఛాయాచిత్రాలు

గ్రంథాలయం సామాజిక మాధ్యమాన్ని ఎలా వాడుకోవాలో చూడాలంటే, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరిలో దాదాపు 3,000 పాత ఛాయాచిత్రాలతో, చిత్రాలు పంచుకునే సైటైన ఫ్లికర్‌లో మొదలుపెట్టిన ఖాతాను చూడాలి. ఇంటిపేరు తప్ప మరే వివరమూ లేని బెయిన్ వార్తాసంస్థ చిత్రం కింద పాఠకులు నాటి పత్రికల వార్తలను వెతికి తెచ్చి జతచేస్తే, గ్రంథాలయ సిబ్బంది వాటిని సరిచూసుకుని, నిజమని తేలినవాటితో తమ కేటలాగును సవరిస్తారు. ఈ సేవకు అసలు విలువ ఇక్కడే ఉంది. కాపీరైటు ఆంక్షలేవీ ఉన్నట్టు తమకు తెలియదని ప్రతి చిత్రం దగ్గరా ముందే చెప్పడం కూడా మెచ్చదగినదే. అయితే ‘బాగుంది’ వంటి పొడి వ్యాఖ్యల మధ్య పనికొచ్చే సమాచారాన్ని ఏరుకోవడానికి కాస్త ఓపిక కావాలి. ముద్రణకు పనికొచ్చే పెద్ద ప్రతి కావలసినవారు చిత్రం కింద ఇచ్చిన లింకు ద్వారా గ్రంథాలయం సొంత సైటుకు వెళ్లడం మేలు.